ఒకే తీగ, అరడజను పేర్లు: వైన్ ద్రాక్ష పేర్ల తగాదా ఎక్కడ మొదలైంది?

స్పెయిన్‌లోని రియోహాలో ఒక వైన్ ద్రాక్షను టెంప్రానిల్లో అంటారు. అదే దేశంలో రిబేరా దెల్ దుయెరోకి వెళ్తే తింతో ఫినో, లా మాంచాలో సెన్సిబెల్. సరిహద్దు దాటి పోర్చుగల్‌లో అడుగుపెడితే ఉత్తరాన తింత రోరిజ్, దక్షిణాన అరగోనెజ్. అన్నీ ఒకే నల్ల ద్రాక్ష. ఇందులో వింతేమీ లేదు, ఊరు మారినా పేరు మారని పాత రకాలే తక్కువ.

ఈ చిక్కంతా తీగను పెంచే పద్ధతిలోనే ఉంది. గింజ నాటితే తల్లి తీగ గుణాలు నిలవవు. అందుకే రైతులు తరతరాలుగా కొమ్మ ముక్కలు కోసి నాటుకుంటున్నారు. ఆ ముక్కలు వర్తకులతో, మఠవాసులతో, వలసపోయే కుటుంబాలతో దేశాలు తిరిగాయి. చేరిన చోట అసలు పేరు ఎవరికీ తెలియకపోతే తెచ్చినవాడి పేరో, వచ్చిన ఊరి పేరో అంటగట్టేవారు. పినో గ్రీ అనే ద్రాక్షను జర్మన్లు రూలాండర్ అన్నది అలాగే. 18వ శతాబ్దం మొదట్లో స్పెయర్ నగరంలో ఆ తీగను అమ్మిన వర్తకుడు యోహాన్ రూలాండ్. దీనికి పూర్తి విరుద్ధమైన తంటా కూడా ఉంది, వేర్వేరు రకాలకు ఒకే పేరు తగలడం. వెల్ష్‌రీస్లింగ్ అనే రకం పేరులో రీస్లింగ్ అనే మరో రకం పేరు ఉంది కానీ ఆ రెంటికీ చుట్టరికం లేదు.

1860లలో ఫ్రాన్స్ తోటల్లో ఫిలాక్సెరా కనిపించింది. వేళ్లలోంచి రసం పీల్చి తీగను చంపే ఈ చిన్న పురుగు ఐరోపా తోటల్ని తుడిచిపెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతుల వేరు మీద అంటుకట్టి తోటల్ని మళ్లీ వేసేటప్పుడు చాలా పాత రకాలను వదిలేశారు. వాటిలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానికి చెందిన కార్మెనేర్ ఒకటి. అది అంతరించినట్టేనని చాలామంది అనుకున్నారు.

ఆ రోజుల్లో రకాన్ని గుర్తుపట్టే సాధనం కన్ను ఒక్కటే. 20వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేకి చెందిన పియేర్ గలే ఈ పనికో పద్ధతి ఏర్పరిచాడు. ఆకు ఈనెల పొడవు, వాటి మధ్య కోణాలు, అంచుల పళ్లు, లేత చిగురు మీది నూగు, ఇవన్నీ కొలిచి నమోదు చేయడమే ఆ పద్ధతి. ఆయన శిష్యుడు ఝాన్-మిషెల్ బూర్సికో 1994 నవంబరులో చిలీ వెళ్లాడు. అక్కడ అది పూత కాలం. మెర్లో అనే మరో రకమని అందరూ నమ్మిన తోటలో ఆగి, పూల కేసరాలు మెలితిరిగి ఉండటం గమనించాడు. మెర్లో కేసరాలు అలా ఉండవు. అది కార్మెనేర్. ఫిలాక్సెరా రాకముందే బోర్డో నుంచి చిలీకి చేరిన కొమ్మల్లో కలిసి వచ్చి, నూరేళ్లకు పైగా మెర్లో పేరుతో బతికింది. కార్మెనేర్ మెర్లో కంటే కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. రెండూ ఒకేసారి కోసేవారు కాబట్టే చిలీ ‘మెర్లో’లో పచ్చి మిరప వాసన తగిలేది. రుచి చూసేవాళ్లు దాన్ని ఆ నేల గుణమనుకున్నారు!

అదే దశకంలో డీఎన్ఏ పరీక్ష వచ్చి వాదనలకు తెరదించింది. కాలిఫోర్నియా వాళ్లు తమ సొంతమనుకున్న జిన్‌ఫాండెల్ సంగతి చూడండి. 1967లో మొక్కల రోగాల శాస్త్రజ్ఞుడు ఆస్టిన్ గోహీన్ దక్షిణ ఇటలీలో ప్రిమిటీవో తీగల్ని చూసి, ఇవి మన జిన్‌ఫాండెల్ లాగే ఉన్నాయే అని అనుమానపడ్డాడు. 1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కరోల్ మెరెడిత్ బృందం రెండూ ఒకటేనని తేల్చింది. క్రొయేషియా శాస్త్రవేత్తలతో కలిసి వెతికితే 2001లో డాల్మేషియా తీరాన కష్టెల్ నోవీలోని ఒక పాత తోటలో వాటితో సరిపోలే తీగ దొరికింది. స్థానికంగా దాని పేరు త్సర్ల్యెనాక్ కష్టెలాన్స్కి. ఇంకా పాత పేరు ట్రిబిద్రాగ్.

శాస్త్రం ఒకటే అన్నంత మాత్రాన చట్టం ఒప్పుకోవాలనేం లేదు. అమెరికా అధికారిక జాబితాలో జిన్‌ఫాండెల్, ప్రిమిటీవో ఇప్పటికీ రెండు వేర్వేరు పేర్లు. అసలు రచ్చ రకం పేరు ఊరి పేరుతో ఢీకొన్నప్పుడే. ఇటలీలోని ఫ్రియూలి రైతులు తమ తెల్ల ద్రాక్షను టోకాయ్ అనేవారు. హంగేరీలో టోకాయ్ అనే ప్రాంతమే ఉంది, అక్కడి తీపి వైన్‌కు ప్రధానంగా వాడేది ఫుర్మింట్ అనే మరో రకం. టోకాయ్ పేరు హంగేరీ వైన్‌కే చెందాలని 1993లో ఐరోపా సమాజం (నేటి ఐరోపా సమాఖ్యకు ముందున్నది) హంగేరీతో ఒప్పందం చేసుకుంది. ఇటలీ వాళ్లు ఐరోపా న్యాయస్థానానికెక్కి 2005లో ఓడారు, 2007 మార్చి తర్వాత లేబుల్ మీద ఆ మాట పోయింది. ఇప్పుడు ఫ్రియూలానో అని అమ్ముకుంటున్నారు.

ఆ దెబ్బతో ఇటలీ పాఠం బాగానే నేర్చుకుంది. ప్రోసెక్కో అన్నది అప్పటిదాకా ద్రాక్ష పేరు. 2009లో ఆ ద్రాక్షకు గ్లేరా అన్న పాత పేరును ఖాయం చేసి, త్రియేస్తె దగ్గరున్న ప్రోసెక్కో ఊరిని కలుపుకుంటూ ఒక పెద్ద ప్రాంతానికి గీత గీశారు. ప్రోసెక్కో ఆ ప్రాంతపు వైన్ పేరైపోయింది. నన్నడిగితే ఇది పరిరక్షణ కంటే వ్యాపారపు తెలివే ఎక్కువ. ఆస్ట్రేలియాలోని కింగ్ వ్యాలీలో ఇటలీ మూలాలున్న కుటుంబాలు అంతకుముందే ప్రోసెక్కో తీగలు నాటాయి, వాళ్లకది ద్రాక్ష పేరే. 2013లో ఆ పేరును అక్కడ ప్రాంతపు గుర్తింపుగా నమోదు చేయించబోయిన ఐరోపా సమాఖ్యను ఆస్ట్రేలియా వైన్ తయారీదారులు అభ్యంతరం చెప్పి నిలువరించారు. తర్వాత వాణిజ్య చర్చల్లో ఆ పేరు మళ్లీ బేరానికొచ్చింది.