‘నావల్ల కావడం లేదు’ అనలేని తెల్లకోట్లు

1870 నవంబరు 18న స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరోలోని సర్జన్స్ హాల్‌లో అనాటమీ పరీక్ష. సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె తోటి వైద్య విద్యార్థినులు అక్కడికి చేరేసరికి, ఆడవాళ్లు వైద్యం చదవకూడదంటూ వందల మంది గేటు ముందు గుమిగూడి దారి మూసేశారు. బురద చల్లారు, తిట్టిపోశారు. ఎలాగో లోపలికి వెళ్లి కూర్చున్నా వదిలిపెట్టలేదు. హాల్లోకి ఒక గొర్రెను తోలారు. వాళ్లు ఆ పరీక్ష రాశారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి పట్టా మాత్రం దక్కలేదు. 1873లో కోర్టు కూడా విశ్వవిద్యాలయం వైపే మొగ్గింది. ‘ఎడిన్‌బరో ఏడుగురు’గా పేరుపడ్డ ఆ మహిళలకు అదే విశ్వవిద్యాలయం గౌరవ పట్టాలిచ్చింది 2019లో. అందుకోవడానికి వారిలో ఒక్కరూ బతికి లేరు.

వైద్యం, నర్సింగ్ చదివే పిల్లల మానసిక ఆరోగ్యం మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ గేటే. బురద చల్లించుకుని లోపలికి వచ్చిన అమ్మాయి ‘నాకు కష్టంగా ఉంది’ అని ఎవరితో చెప్పుకుంటుంది? ఆ మాటనే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చేసేవారు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆ 1873లోనే, హార్వర్డ్‌లో వైద్యం బోధించిన ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం రాశారు. అబ్బాయిల పద్ధతిలో చదివితే అమ్మాయిల గర్భాశయం దెబ్బతింటుందని, హిస్టీరియా, నరాల జబ్బులు వస్తాయని వాదించారు. చదివి అలసిపోతే మగవాడిది అలసట, ఆడమనిషిది అనర్హత! దానికి జవాబుగా మేరీ పట్నం జాకోబీ అనే వైద్యురాలు మహిళలనే అడిగి వివరాలు సేకరించి, నెలసరి రోజుల్లో చాలామందికి పని మానుకోవాల్సిన అవసరమే లేదని ఒక వ్యాసంలో చూపారు. 1876లో ఆ వ్యాసానికి హార్వర్డ్ బహుమతే వచ్చింది. హార్వర్డ్ వైద్య కళాశాల తలుపులు మాత్రం స్త్రీలకు 1945లో గానీ తెరుచుకోలేదు.

మగపిల్లలకు ఇంకో అచ్చు పోశారు. 1889లో అమెరికాలో మొదలైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ శస్త్రచికిత్స శిక్షణకు ఏర్పరిచిన పద్ధతిలో రెసిడెంట్, అంటే శిక్షణలో ఉన్న వైద్యుడు, అక్షరాలా ఆసుపత్రిలోనే కాపురం ఉండేవాడు. ఇల్లు, పెళ్లాం, పిల్లలు అతనికి లేనట్టే. నిద్ర కూడా దొరికితేనే. ఆ అచ్చు పోసిన హాల్‌స్టెడ్, శరీరంలో ఒక్క చోటే తిమ్మిరి తెచ్చే మత్తుమందుగా కొకైన్‌ను తన మీదే ప్రయోగించుకుని దానికి బానిసై, తర్వాత మార్ఫిన్‌కు అలవాటుపడి, ఆ సంగతి బయటి లోకానికి తెలియకుండా దాచుకుని బతికారు. నేటికీ నైట్ డ్యూటీ తర్వాత కళ్లు మూతపడుతున్నా ‘నేను బాగానే ఉన్నాను’ అనే హౌస్ సర్జన్‌లో నాకు ఆయన నీడ కనిపిస్తుంది.

నర్సింగ్‌లో తలుపు మూసింది మగవాళ్లకు. 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ లండన్‌లో పెట్టిన శిక్షణాలయం యువతుల కోసమే. సేవ స్త్రీ స్వభావమనీ, ఓర్పు ఆమెకు పుట్టుకతో వస్తుందనీ నమ్మకం పాతుకుపోయింది. ఓర్పే అర్హత అయినచోట ఓపిక చచ్చిపోయిందని చెప్పుకోవడమెలా? అమెరికా సైనిక నర్సుల దళంలోకి పురుషులను 1955 దాకా తీసుకోలేదు. జో హోగన్ అనే నర్సు తాను ఉంటున్న ఊళ్లోనే ఉన్న మిసిసిపీ మహిళా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ డిగ్రీ చదువుతానంటే, మగవాడివి కనుక కుదరదన్నారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో అతని పక్షాన తీర్పిచ్చింది. నర్సింగ్ ఆడవాళ్ల పనే అన్న పాత ముద్రను ఈ నిబంధన ఇంకా గట్టిపరుస్తోందని ఆ తీర్పు రాసింది శాండ్రా డే ఓకానర్, ఆ కోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి.

ఈ అచ్చులను కొలిచే ఒక ప్రయత్నం 1974లో జరిగింది. మనస్తత్వ శాస్త్రవేత్త శాండ్రా బెమ్ 60 గుణాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఒకే మనిషిలో ‘మగ’ గుణాలు, ‘ఆడ’ గుణాలు రెండూ బలంగా ఉండవచ్చని ఆమె వాదన. తర్వాతి అధ్యయనాల్లో ‘మగ’ గుణాలు ఎక్కువున్నవారిలో, స్త్రీలైనా పురుషులైనా, కుంగుబాటు తక్కువగా తేలుతూ వచ్చింది. అంటే మగతనం మందులాంటిదా? కాదు. ఆ జాబితాలో ‘మగ’ అని చేర్చినవి ఆత్మవిశ్వాసం, స్వతంత్రంగా నిలబడటం వంటివి. అవి ఎవరికి ఉన్నా మేలే చేస్తాయి.

2016లో అమెరికా వైద్య సంఘం పత్రిక ‘జామా’లో 40కి పైగా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందిలో కుంగుబాటు లేదా దాని లక్షణాలు, 11.1 శాతం మందిలో ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయి. నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకో అంకె: కుంగుబాటు ఉన్నట్టు తేలినవారిలో చికిత్సకు వెళ్లింది 15.7 శాతమే. జబ్బును గుర్తుపట్టడమే చదువుగా పెట్టుకున్న పిల్లలు వీళ్లు!

చెప్పుకోకపోవడానికి కారణం బిడియం ఒక్కటే కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల వైద్య లైసెన్సు దరఖాస్తుల్లో మానసిక చికిత్స పొందారా అని అడిగేవారు. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ అత్యవసర విభాగ వైద్యురాలు లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నారు. చికిత్సకు వెళితే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం ఆమె పేరుతో 2022లో చట్టం వచ్చింది. ఇప్పటికి చాలా రాష్ట్రాలు తమ దరఖాస్తుల్లో ఆ ప్రశ్నను తీసేశాయి, లేదా మార్చాయి.