సిసిరో ఇంట్లో: అపోహలు – వాస్తవాలు

రోమన్ కులీనుల కుటుంబాల గురించి పాఠం చెప్పేటప్పుడు చట్టాలను కాసేపు పక్కన పెట్టి, వక్త, రాజకీయ నాయకుడు సిసిరో ఉత్తరాలు తీస్తాను. పెద్ద వంశంలో పుట్టకపోయినా, క్రీ.పూ. 63లో కాన్సుల్ (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత పదవి) అయి ఆ వర్గంలో కలిసిపోయినవాడు. రాసినవీ, వచ్చినవీ కలిపి 900కు పైగా ఉత్తరాలు మిగిలాయి.

అపోహ: ఇంటి యజమాని మాటకు ఎదురు లేదు.

వాస్తవం: చట్టంలో నిజమే, పిల్లల ప్రాణాల మీద కూడా తండ్రికి అధికారం ఉంది. భోజనాల దగ్గర సంగతి వేరు. క్రీ.పూ. 51లో ఒక పండగనాడు సిసిరో తమ్ముడు క్వింటస్ తన పల్లె ఇంట్లో భార్యతో, "పొంపోనియా, ఆడవాళ్లను నువ్వు పిలు, మగవాళ్లను నేను పిలుస్తాను" అన్నాడు, మెత్తగానే. "నేనే ఇక్కడ అతిథిని" అని ఆవిడ అందరూ వింటుండగా అంటించింది. భోజనం ఏర్పాట్లకు తనను కాదని, క్వింటస్ విడుదల చేసిన బానిస స్టేటియస్‌ను ముందుగా పంపారని కోపం. "చూశావా, రోజూ ఇదే నాకు" అని క్వింటస్ అన్న దగ్గర వాపోయాడు. ఆవిడ పంక్తికి రాలేదు, భర్త పంపిన వంటకాలూ ముట్టలేదు. సిసిరో ఇదంతా పూసగుచ్చినట్టు రాసింది ఎవరికనుకున్నారు? ఆవిడ తోడబుట్టినవాడు, తన ప్రాణస్నేహితుడు ఆటికస్‌కే!

అపోహ: ఆడవాళ్లకు ఆస్తీ లేదు, మాటా చెల్లదు.

వాస్తవం: అప్పటికి చాలా పెళ్లిళ్లలో భార్య ఆస్తి భర్త చేతికి వెళ్లేది కాదు. సిసిరో దేశబహిష్కరణలో ఉన్నప్పుడు భార్య టెరెన్షియా తన సొంత ఆస్తి అమ్మబోతే, పిల్లవాడికి ఏం మిగులుతుందని అతను బతిమాలాడు. తర్వాత అతను సిలిసియాలో (నేటి టర్కీ దక్షిణ తీరం) గవర్నరుగా ఉండగా తల్లీకూతుళ్లే కూతురు టుల్లియాకు మూడో పెళ్లి కుదిర్చేశారు. వరుడు డోలబెల్లా. ఈ అల్లుడు కోర్టుకు లాగిన పెద్దమనిషినే మామగారు సిసిరో అక్కడినుంచి మంచి చేసుకుంటున్నారు!

అపోహ: కూతుళ్లు రాజకీయ పొత్తులకే.

వాస్తవం: పొత్తులూ ఉన్నాయి. కానీ క్రీ.పూ. 45లో టుల్లియా చనిపోతే సిసిరో ఆమెకు గుడి కట్టాలని స్థలం కోసం నెలల తరబడి వెతికాడు.

అపోహ: కులీనులంటే డబ్బుకు లోటు లేనివాళ్లు.

వాస్తవం: ఆస్తి ఉంది, అప్పులూ ఉన్నాయి. పలటైన్ కొండ మీద ఇంటిని 35 లక్షల సెస్టర్స్‌లకు (రోమన్ నాణేలు) కొని, అప్పుల్లో మునిగి, "ఎవరైనా చేర్చుకుంటే కుట్రలో కలుస్తాను" అని జోకు వేశాడు. అంతకు ముందు ఏడాదే, ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలిన్ పన్నిన కుట్రను అణచినవాడు! క్రీ.పూ. 44లో తన అద్దె కొట్లు రెండు కూలాయి, మిగతావి బీటలిచ్చాయి. అద్దెకున్నవాళ్లే కాదు, ఎలుకలు కూడా వలసపోయాయని రాసి, ఆ వెంటనే వాటిని తిరిగి కట్టి లాభం తీసే ఉపాయం చెప్పాడు.