ఐపీ పెట్టినవాళ్లకి కారు లోన్: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన నెల ఒకాయన వచ్చారు. మిర్చి వ్యాపారంలో దెబ్బతిని, అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక కొన్నేళ్ల కిందట గుంటూరు కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టిన మనిషి. ఇప్పుడు కొడుకు ట్యాక్సీ నడుపుతానంటున్నాడు, సెకండ్ హ్యాండ్ కారు కావాలి. కుర్చీలో కూర్చోకముందే "మాకిక ఈ జన్మలో లోన్ రాదు కదండీ" అన్నారు. వెహికల్ లోన్లు చేయించే పనిలో ఉన్న నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు.

అపోహ: ఐపీ పెడితే జీవితాంతం లోన్ రాదు, వచ్చినా ఆ సంగతి దాచిపెట్టాలి.

వాస్తవం: రెండూ తప్పే. మన దగ్గర ఐపీ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తుంది. దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించడం ఒక దశ, డిశ్చార్జ్ ఇవ్వడం, అంటే ఆ దివాలా నుంచి విడుదల చేయడం, ఇంకో దశ. చాలామంది మొదటిదానితో పని అయిపోయిందనుకుని డిశ్చార్జ్ సంగతే మర్చిపోతారు. డిశ్చార్జ్ రాకుండా, ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకున్నా ఆ చట్టం 72వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అందుకే ఎవరొచ్చినా నేను ముందు అడిగేది డిశ్చార్జ్ ఆర్డరే. అది వచ్చాక లోన్ ఇవ్వకూడదని ఏ చట్టమూ అనదు, ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఇంకోటి, ఐపీ పెట్టినంత మాత్రాన ఫైనాన్స్‌లో ఉన్న బండి మీద ఫైనాన్స్ కంపెనీ హక్కు పోదు, మీకు హామీ ఉన్నవాళ్ల బాధ్యతా పోదు. బావమరిదిని ఇరికించి ఐపీ పెట్టిన ఇళ్లలో ఎన్ని గొడవలు చూశానో!

అపోహ: సెటిల్‌మెంట్ (బాకీలో కొంత తగ్గించుకుని మిగతాది కట్టడం) కట్టేశాం, లెటర్ కూడా ఉంది, ఇంక క్లియర్.

వాస్తవం: ఆయన క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పులు ఎలా కట్టారో చూపే రికార్డు, ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచాం. ఒక పర్సనల్ లోన్ ఎదురుగా "సెటిల్డ్" అని ఉంది, "క్లోజ్డ్" అని లేదు. కింద నెలనెలా గళ్లలో 030, 060, 090 అంటూ ఎన్ని రోజులు ఆలస్యమైందో వరసగా కనిపిస్తోంది. లోన్ చూసే అధికారి స్కోరు తర్వాత చదివేది ఆ గళ్లనే. మిగిలిన బాకీ కట్టేసి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, "క్లోజ్డ్" అని మార్పించుకోగలిగితే పరిస్థితి చాలా మెరుగవుతుంది. పైగా సెటిల్ చేసిన బ్యాంకు, వ్యవసాయ రుణాలు కాకపోతే, కనీసం 12 నెలలు మీకు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో ఆర్‌బీఐ చెప్పింది. కాబట్టి వెంటనే అదే బ్రాంచి చుట్టూ తిరగకండి.

అపోహ: పదిహేను వేలిస్తే సిబిల్ (క్రెడిట్ రిపోర్టు) క్లీన్ చేస్తారట.

వాస్తవం: దయచేసి ఇవ్వకండి. నిజంగా ఉన్న బకాయిని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడిన ఎంట్రీ అయితే మీరే ఆన్‌లైన్‌లో ఉచితంగా డిస్ప్యూట్ (ఫిర్యాదు) పెట్టొచ్చు, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం మీకే రావాలి. ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. కానీ ఒకే వారంలో ఆరు చోట్ల లోన్‌కి అప్లై చేస్తే తగ్గుతుంది.

అపోహ: స్కోరు లేకపోయినా ఫలానా ఫైనాన్స్‌వాళ్లు 10 శాతానికే ఇస్తున్నారు.

వాస్తవం: ఆ పది ఫ్లాట్ వడ్డీ, అంటే అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వేసే వడ్డీ, అయి ఉంటుంది. 5 లక్షలు 5 ఏళ్లకి తీసుకుంటే వడ్డీ రెండున్నర లక్షలు, నెలకి 12,500. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో లెక్కేస్తే అది 17 శాతం పైమాటే. నిజంగా 10 శాతమైతే ఈఎంఐ సుమారు 10,624, మొత్తం వడ్డీ లక్షా 37 వేలు. 2024 అక్టోబర్ నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అనే అంకె, అంటే ఛార్జీలతో కలిపి ఏడాదికి పడే అసలు రేటు, ఉంటుంది. సంతకానికి ముందు అది అడిగి చూడండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

ఆయనకి నేను మూడు పనులు చెప్పాను: డిశ్చార్జ్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవడం, చిన్న ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టడం, డౌన్ పేమెంట్ వీలైనంత ఎక్కువ కూడబెట్టడం. కాపీకి అప్లై చేశానని మొన్న ఫోన్ చేశారు. అది చేతికొచ్చాక, కార్డు మీద కొన్ని నెలలు సరిగ్గా కట్టినట్టు రిపోర్టులో కనిపించాక ఫైల్ పెడతాం.