గుండె ఓపీ బాగా నడుస్తోందని ఎలా చెప్తాం? అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో గుండె ఓపీ చూస్తుంటాను. "ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదండీ" అన్న మాట రోజూ చెవిన పడుతుంది. హస్తవాసిని కొలిచే మెషీను ఇంకా రాలేదు గానీ, గుండెపోటు రాకుండా, వచ్చినవాళ్లకి మళ్లీ రాకుండా ఓపీలో ఎంత పని జరుగుతోందో మాత్రం కొలవచ్చు. దీని మీద అపోహలు పేషెంట్లకంటే మా డాక్టర్లకే ఎక్కువ.

అపోహ: బయట జనం కిటకిటలాడుతుంటే మంచి క్లినిక్కే.

వాస్తవం: దాన్నిబట్టి తెలిసేది కుర్చీలు చాలడం లేదని.

అపోహ: మా పేషెంట్లందరికీ బీపీ కంట్రోల్‌లోనే ఉంది.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. 100 మందికి మందు రాశామనుకోండి, మూడు నెలల తర్వాత 60 మంది తిరిగొచ్చారు, వాళ్లలో 45 మందికి బీపీ 140/90 లోపు ఉంది. అరవైలో నలభై ఐదు అంటే 75 శాతం, కాలరెగరేయొచ్చు. అదే మొదటి వందతో భాగిస్తే 45 శాతమే. మిగతా 40 మంది ఏమయ్యారు? మన కళ్లముందు లేరు కాబట్టి లెక్కలోనూ లేరు. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే ప్రభుత్వ బీపీ కార్యక్రమంలో రానివాళ్లను కూడా విడిగా లెక్కగడతారు, నాకు అందులో బాగా నచ్చింది అదే. మేమూ ఓ పొడుగు నోటుబుక్కు పెట్టి, రావాల్సిన తేదీ దాటినవాళ్లకి శనివారాలు ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. మొదటి రోజే ఒకావిడ ఫోనెత్తి "ఆయనకి బీపీ తగ్గిపోయిందిగా అండీ, మాత్రలు ఆపేశారు" అంది, సంతోషంగా. మిర్చి సీజన్లో అయితే యార్డులో పనిచేసేవాళ్లు పనికి పోతారు గానీ ఓపీకి రారు, వాళ్లకి మందులు ఒకేసారి ఎక్కువ రోజులకి రాసివ్వడం నయం.

అపోహ: మెషీను మంచిదైతే బీపీ సరిగ్గానే వస్తుంది.

వాస్తవం: మే నెల ఎండలో వచ్చి, మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చున్న మనిషికి వెంటనే పట్టీ చుడితే వచ్చేది బీపీ కాదు, మెట్ల లెక్క. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకి ఆనుడు, చెయ్యి గుండె ఎత్తులో, మాటలు బంద్. లావుపాటి చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఇంకో తమాషా, పాత కేస్ షీట్లు తిరగేయండి, 130/80, 140/90, 150/90, అన్నీ సున్నాతోనే ముగుస్తాయి. పాదరసం మెషీను మీద గీతలు రెండేసి చొప్పున ఉంటాయి, అయినా 138 గానీ 142 గానీ ఎవరికీ రావా?

అపోహ: స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశాం, మా పని అయిపోయింది.

వాస్తవం: రాసిన 4 నుంచి 12 వారాల్లోపు మళ్లీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించామా అన్నది చూడాలి. ల్యాబ్ కాగితం మీద ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 100 లోపు నార్మల్ అని అచ్చేసి ఉంటుంది, అది చూసి స్టెంటు పడ్డవాళ్లు కూడా ఊపిరి పీల్చుకుంటారు. వాళ్లకి 70 లోపు ఉండాలి, యూరప్ మార్గదర్శకాల ప్రకారమైతే 55 లోపు.

అపోహ: ఇలా కొలిస్తే డాక్టర్ల మీద నేరం మోపినట్టే.

వాస్తవం: ఉబ్బసం ఉన్నాయనకి పడదని బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఇవ్వలేదనుకోండి, కారణం కేస్ షీట్లో రాస్తే, ఆ మందు ఎంతమందికి ఇచ్చామన్న లెక్కలోంచి ఆయన్ని తీసేస్తారు. రాయకపోతే ఇవ్వడం మర్చిపోయినట్టే లెక్క.

కేస్ షీట్లో పొగాకు అలవాటు రాసే గడి దగ్గరా ఇంతే. "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే "అబ్బే, లేదండీ" అంటారు, 'లేదు' అని రాసేస్తాం. ఒకాయన అలాగే చెప్పి, ఈసీజీకి చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఖైనీ పొట్లం కిందపడింది. ఆయన అడిగినదానికి నిజమే చెప్పాడు మరి. ఇప్పుడు ఆ గడిని నాలుగు చేశాం: సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ-గుట్కా.