తాళంచెవికి నిజంగానే చెవి ఉంది

బుజ్జికీ, చిన్నికీ, వాళ్ల భుజాల మీంచి తొంగిచూసి చదువుతున్నవాళ్లకీ,

మీ ఉత్తరం అందింది. చలికి వణుక్కుంటూ బడికి బయల్దేరిన రోజే కారు మొండికేసిందని, తాళంచెవి నాన్న చేతిలోనే ఉన్నా తెర మీద 'కీ కనబడలేదు' అని రాసి చూపించిందని, చివరికి దాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే బుద్ధిగా కదిలిందని రాశారు. కింద బుజ్జి వంకర అక్షరాలతో ఇంకో ముక్క చేర్చింది: "తాతయ్యా, అందులో బ్యాటరీ అయిపోయిందన్నారు కదా. మరి ఆనిస్తే మాత్రం కారుకి ఎలా తెలిసింది?"

మీ నాన్నకి ఇన్నేళ్లుగా కారుంది. ఈ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు.

ముందు ఆ మాట చూడండి. తాళం'చెవి' అంటాం. ఇనప తాళంచెవులకి చెవి పేరుకే ఉండేది. మీ కారుదానికి మాత్రం నిజంగా ఉంది. అది ముందు వింటుంది, ఆ తర్వాతే మాట్లాడుతుంది.

మా నాయనమ్మకి చూపు ఆనేది కాదు. గడియ పెట్టుకుని లోపల కూర్చునేది. గుమ్మం దగ్గర అలికిడైతే "ఎవరది?" అని మెల్లగా అడిగేది. "నేనే నాయనమ్మా" అంటే గొంతు గుర్తుపట్టి గడియ తీసేది. జవాబు చెప్పకపోతే సాక్షాత్తు మా నాన్నయినా గుమ్మంలో నిలబడాల్సిందే. మీ కారు అచ్చం మా నాయనమ్మే. హ్యాండిల్ మీద చెయ్యి పడగానే, స్టార్ట్ బటన్ నొక్కగానే "ఎవరది?" అంటుంది. చాలా కార్లలో ఆ పిలుపు సెకనుకు 1,25,000 సార్లు ఊగే అల. మెల్లని గొంతు, మీటరు, మీటరున్నర దాటితే అందదు. కావాలనే అలా పెట్టారు. లేకపోతే తాళంచెవి ఇంట్లో మేకుకి వేలాడుతుండగానే దారినపోయేవాడు వచ్చి తలుపు తీసేస్తాడు. ఆ పిలుపు వినగానే తాళంచెవి నిద్రలేచి వేరే గొంతుతో "నేనే" అంటుంది. ఈ జవాబు సెకనుకు దాదాపు 43 కోట్ల 39 లక్షల సార్లు ఊగుతుంది. కొన్ని దేశాల్లో 31 కోట్ల 50 లక్షల సార్లు. ఇదంతా మీ చేతికీ కారుకీ మధ్య జరిగిపోతుంది, మీకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు.

ఇక మా నాయనమ్మ తలుపు తీయలేదంటే ఏమై ఉంటుంది? ఎక్కువసార్లు నా గొంతు బొంగురుపోయి ఉండేది. మీ తాళంచెవికీ అంతే. దాని అంచున గోరు పట్టే సన్న సందు ఉంటుంది. అక్కడ విప్పితే నాణెమంత బ్యాటరీ బిళ్ళ కనిపిస్తుంది. దాని మీద సన్నని అక్షరాలు ఉంటాయి, 'సీఆర్2032' అనో మరోటో. ఆ అంకెలు ఊరికే వేసినవి కావు. 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. 2025 అన్నదీ అంతే వెడల్పు కాబట్టి చోట్లో చక్కగా కూర్చుంటుంది, కానీ మందం 2.5 మిల్లీమీటర్లే. లోపలి రేకుకి సరిగ్గా తగలక రేపు మళ్లీ ఇదే గొడవ. పాత బిళ్ళ మీద ఏ అంకె ఉందో అదే తెప్పించండి. కొత్తగా ఉన్నప్పుడు అది 3 ఓల్టులు ఇస్తుంది, చలికి నీరసపడుతుంది, అందుకే మీ కారు చలి పొద్దుటే పేచీ పెట్టింది. ఓల్టులు కొలిచే మీటరు పెట్టి చూస్తే ముసలి బిళ్ళ కూడా దాదాపు 3 చూపిస్తుంది. పని చెప్పగానే కూలబడుతుంది. బడి లేని రోజున చెంగుచెంగున గంతులేసి, బడికి పొమ్మనగానే కడుపునొప్పి అనే చిన్ని లాగన్నమాట.

ఇక్కడ తాతయ్య గొంతు కాస్త పెంచుతాడు. ఆ బిళ్ళ నోట్లో పెట్టుకోకూడదు, తమ్ముడికి అందేచోట ఉంచకూడదు. గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాలి పుండుపడుతుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. విప్పడం, మార్చడం పెద్దవాళ్ల పని. పక్కన నిలబడి చూడటం మీది.

సరే, బుజ్జి ప్రశ్న. ఒకసారి నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. గుమ్మంలో నిలబడి నోరు తెరిస్తే గాలే వస్తోంది. నాయనమ్మ గడియ తీయలేదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి నా నుదుటి మీద మచ్చ తడిమింది. "నువ్వట్రా" అని తలుపు తీసింది. తాళంచెవి లోపల కూడా అలాంటి మచ్చ ఒకటి ఉంటుంది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదో చిన్నదో, దానికి బ్యాటరీయే అక్కర్లేదు. బటన్ చుట్టూ కారు దాచిన తీగచుట్ట అయస్కాంత శక్తిని అలలా ఊపుతుంది. ఆ ఊపుకి ఈ గింజలోని తీగచుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. ఆ అప్పు తెచ్చుకున్న కరెంటుతోనే అది తానెవరో చెబుతుంది. ప్రశ్న అడిగినవాళ్లే జవాబు చెప్పడానికి ఊపిరి కూడా ఇస్తారన్నమాట! నాయనమ్మ పోలిక ఇక్కడ కొంచెం కుంటుతోంది, నాకు తెలుసు. అయినా వదలను. కొన్ని సెంటీమీటర్లు దాటితే ఆ చెయ్యి అందదు, అందుకే ఆనించాల్సి వచ్చింది. కొన్ని కార్లలో ఆనించే చోటు బటన్ దగ్గర కాదు, స్టీరింగ్ పక్కనో సీట్ల మధ్య అరలోనో ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, ఎవరూ తెరవని ఆ పుస్తకంలో. బ్రేకు, గేర్ల కారైతే క్లచ్, తొక్కిపట్టే నొక్కాలి. తలుపే తెరుచుకోకపోతే తాళంచెవి పొట్టలో సన్నని ఇనప చెవి దాగి ఉంటుంది, లాగితే వస్తుంది. దాంతో తీస్తే కొన్ని కార్లు కెవ్వుమని అరుస్తాయి. టెన్షన్ పడకండి, స్టార్ట్ చేస్తే ఊరుకుంటాయి.

గొంతు బాగానే ఉన్నా పక్కన డప్పులు మోగుతుంటే? సెల్‌ఫోన్‌నీ తాళంచెవినీ ఒకే జేబులో వేసుకుంటే అదే జరుగుతుంది. ఛార్జర్ పక్కన పడేసినా, ఇనప డబ్బాలో పెట్టినా అంతే. తాళంచెవి బటన్‌తో తలుపులు తెరుచుకుంటూ, కారు మాత్రం స్టార్ట్ కాకపోతే ముందు దీన్నే అనుమానించండి. నోరు బాగానే ఉంది, చెవికే ఏదో అడ్డం పడింది. ఒక్కోసారి నాయనమ్మకే ఒంట్లో బాగుండదు: కారు పెద్ద బ్యాటరీ 12.6 ఓల్టులు ఉండాల్సింది 12కి దిగువకి జారితే లైట్లు మసకబారతాయి, పిలుపూ సన్నగిల్లుతుంది. ఎవరిది తప్పో తేల్చడానికి నాకు తెలిసి బీరువాలో ఉన్న రెండో తాళంచెవిని మించిన సాక్షి లేదు. దాంతో పనిచేస్తే మొదటిదాని జబ్బు. రెండింటితోనూ పనిచేయకపోతే కారు జబ్బే కావచ్చు, మెకానిక్‌ని పిలవాలి.

చిన్నీ, నువ్వు జేబులో చెయ్యి పెట్టి ఊరికే ఆ బటన్ టకటకా నొక్కుతావని మీ అమ్మ చెప్పింది. అందుకని ఈ ముక్క నీకు. నేనూ మా దోస్తూ అటక మీద కోట కట్టుకున్నాం. ఎక్కాలంటే రహస్య మాట చెప్పాలి. ఇద్దరి దగ్గరా ఒకే మాటల పట్టీ. చెప్పిన మాట కొట్టేయాలి, మళ్లీ పనికిరాదు. నేనేమో వాడు లేనప్పుడు వెళ్లి, ఖాళీ అటకకి మాట చెప్పి, కొట్టేసి వచ్చేవాణ్ణి. అలా ఆరు మాటలు ఖర్చు. ఏడోది చెప్పిన రోజు వాడు ఒకటో దాని దగ్గరే కూర్చున్నాడు. "దొంగ!" అన్నాడు. జుట్లు పట్టుకున్నాం. తర్వాత వాడే దారి చెప్పాడు. కొన్ని వరసలు ముందున్నా ఒప్పుకుంటాడు. మరీ ముందుకెళ్లిపోతే వరసగా రెండు మాటలు సరిగ్గా చెప్పాలి, వాడూ అక్కడికి వేలు జరుపుతాడు. మీ తాళంచెవి బటనూ అంతే, నొక్కిన ప్రతిసారీ కొత్త మాట. పాతది ఎవరైనా పట్టుకుని మళ్లీ పలికినా పనికిరాదు. కారు వినని చోట వందలసార్లు నొక్కితే పట్టీలో ముందుకెళ్లిపోతుంది. కోపంతో గట్టిగా నొక్కితే గట్టిగా ఏమీ వినపడదు, మీ నాన్నకీ చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. కారు ఆపి, లాక్ చేసి, నాన్నని పక్కన నిలబెట్టుకోండి. బుజ్జి హ్యాండిల్ దగ్గర ఉండాలి. చిన్ని తాళంచెవి పట్టుకుని దూరం నుంచి ఒక్కో అడుగే వేయాలి. ప్రతి అడుగుకీ బుజ్జి హ్యాండిల్ ముట్టుకోవాలి. తలుపు ఒప్పుకున్న చోట సుద్దముక్కతో గీత. హ్యాండిళ్లున్న ప్రతి వైపూ, వెనక డిక్కీ దగ్గరా అలాగే చేసి గీతలన్నీ కలపండి. ఆ బొమ్మ గుండ్రంగా మాత్రం రాదు. ఎలా వచ్చిందో కాగితం మీద వేసి నాకు పంపండి, ఎదురుచూస్తుంటాను.

మీ
తాతయ్య