నోటు చింపే ముందు లెక్క చూడాలి: క్షమాపణ గురించి కొన్ని అపోహలు

మా సంఘంలో స్త్రీలకు కౌన్సెలింగ్ చేస్తూ 16 ఏళ్లయింది. "ఎప్పుడో క్షమించేశాను అక్కా" అంటారు. అంటూనే కొంగు అంచుని వేలికి బిగించి చుట్టుకుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: జరిగింది మర్చిపోతేనే క్షమించినట్టు.

వాస్తవం: బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం నిదానంగా చదవండి. దాసుడి పదివేల తలాంతుల (ఎప్పటికీ తీర్చలేనంత పెద్ద మొత్తం) అప్పు మాఫీ చేసే ముందు రాజు లెక్క చూశాడు. ఆ దాసుడికి తోటివాడు బాకీపడ్డ 100 దేనారాలూ చిన్న మొత్తం కాదు. అప్పట్లో ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే మూడు నెలల పైచిలుకు కష్టం! నీకు జరిగింది చిన్న విషయమేలే అని యేసు ఎక్కడా అనలేదు. ప్రామిసరీ నోటు చింపాలన్నా అందులో అంకె రాసి ఉండాలి కదా.

అందుకే నేను ముందు ఒక నోటుబుక్కు ఇచ్చి రాయమంటాను. ఒక చెల్లిని (వివరాలు కొంచెం మార్చాను) చిన్నప్పుడే బడి మాన్పించారు. మొదటి రోజు ఆమె ఒక్క వాక్యమే రాసింది: "నా పుస్తకాల సంచిలో నాన్న ఉల్లిపాయలు పోశాడు." పాతికేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదట. ఆ రోజు ప్రార్థన కూడా చేయించలేదు, ఏడవనిచ్చాను. కొన్ని వారాల తర్వాత తనే అంది, "ప్రభువా, ఈ బాకీ ఇక నేను వసూలు చెయ్యను, నీకే అప్పగిస్తున్నాను" అని.

అపోహ: క్షమిస్తే కేసు పెట్టకూడదు, మళ్లీ కలిసిపోవాలి.

వాస్తవం: ఈ మాట చెప్పి కొట్టే భర్త దగ్గరికి ఆడపిల్లను తిరిగి పంపడం పాపం అని నేను గట్టిగా నమ్ముతాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్ స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు. కోర్టు విచారణ మాత్రం ఆగలేదు, 2003లో శిక్షలు పడ్డాయి. బైబిల్లో యోసేపు కూడా తనను అమ్మేసిన అన్నలు మారారో లేదో పరీక్షించాకే తానెవరో చెప్పుకున్నాడు. క్షమించడం మన చేతిలో ఉంది. నమ్మకాన్ని అవతలివాళ్లు మళ్లీ సంపాదించుకోవాలి.

అపోహ: ఒక్క ప్రార్థనతో అయిపోతుంది.

వాస్తవం: కొందరికి అవుతుంది, దేవునికి స్తోత్రం. చాలామందికి పాత గాయం మళ్లీ సలుపుతుంది. దాన్నిబట్టి మీ క్షమాపణ అబద్ధమని టెన్షన్ పడకండి. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన శిష్యుడు పేతురుతో యేసు అన్న "డెబ్బది ఏళ్ల మారులు" (డెబ్బై ఏడుల సార్లు, అంటే లెక్క పెట్టకుండా) ఒకే గాయానికి కూడా పనికొస్తుంది.

ఆ చెల్లి రైతుబజారులో ఉల్లిపాయల రాశి చూసి ఇప్పటికీ ఒక్కోసారి ఆగిపోతుంది. సంచి పట్టుకుని నిలబడే అదే ప్రార్థన మళ్లీ చేసుకుంటుంది. మొన్న ఫోన్ చేసింది. "నాన్నకి మందులు ఇచ్చొచ్చాను అక్కా. ఈసారి బస్సులో ఏడుపు రాలేదు" అంది.