గొంతుకి అడ్డం పడ్డ ఈగ

ఒక పాఠకురాలు అడిగారు: "దోమతెరలో పడుకున్నా ఇసుక ఈగ పుండు ఎలా వస్తుంది?" ఆ ఈగ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే కాబట్టి. మామూలు దోమతెర కంతల్లోంచి హాయిగా దూరిపోతుంది. రెక్కల చప్పుడూ వినపడదు. గుడ్లు పెట్టడానికి దోమలా నీటి గుంట వెతుక్కోదు. పశువుల కొట్టంలో చెమ్మ మట్టి, గోడ నెర్రెలు, ఎలుక బొరియలు చాలు. ఇవన్నీ గుమ్మం పక్కనే ఉండే పల్లెల్లో ఈ జబ్బు పాతుకుపోవడంలో వింతేముంది?

జబ్బు పేరు చర్మపు లీష్మేనియాసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6 నుంచి 10 లక్షల మందికి కొత్తగా వస్తోంది. ఢిల్లీ కురుపు, అలెప్పో కురుపు అని ఊళ్ల పేర్లు తగిలించారు. ఇరాన్‌లో సాలక్ అంటారు. సాల్ అంటే ఏడాది. పుండు మానడానికి పట్టే కాలమే పేరైపోయింది.

నాకు ముచ్చటేసేది మాత్రం ఈగ గొంతు. దోమ సిరంజిలా రక్తం తోడుతుందని చెప్పీ చెప్పీ, కుట్టే పురుగులన్నీ అంతేనని పిల్లలకి నూరిపోశాం. ఇసుక ఈగ గుచ్చదు, కోస్తుంది. రంపపు పళ్లలాంటి నోటితో చర్మాన్ని చీల్చి, ఊరిన రక్తపు మడుగులోంచి పీలుస్తుంది. దాని గొంతు దగ్గర ఒక కవాటం ఉంటుంది. మోటారు ఫుట్‌వాల్వ్ అనుకోండి: తోడినది లోపలికి పోవాలి, వెనక్కి రాకూడదు. ఈ జబ్బు తెచ్చే లీష్మేనియా అనే పరాన్నజీవి ఈగ పొట్టలో పెరిగి, ప్రోటీను, చక్కెర కలిసిన పొడవాటి అణువులతో జిగురు తయారుచేస్తుంది. కైటినేజ్ అనే ఎంజైముతో కవాటం లోపలి పొరనీ పాడుచేస్తుంది. ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంటే ఏమవుతుంది? మోటారు మొత్తుకుంటుంది, నీళ్లెక్కవు, పైపులో ఉన్నవి కిందికి జారతాయి. ఈగకీ అదే గతి. పీలుస్తుంది, కడుపు నిండదు. గొంతులో ఉన్న జిగురు, దానితో పాటు పరాన్నజీవులు గాయంలోకి జారిపోతాయి. ఆకలి తీరని ఈగ పక్క చోట మళ్లీ కోస్తుంది, లేదంటే పక్కన పడుకున్న మనిషి మీద వాలుతుంది. చెత్త ఇరుక్కున్న మోటారు ఒక్క బావి దగ్గర ఆగదన్నమాట!

ఆ జిగురు మన తెల్లకణాలనీ రప్పిస్తుంది. మాక్రోఫేజ్ అనే తెల్లకణం వచ్చి పరాన్నజీవిని మింగి ఆమ్లపు సంచిలో పడేస్తుంది. వాడికి కావలసిందీ అదే. కొరడాలాంటి తోకని కుదించుకుని, గుండ్రంగా మారి, కొలిమిలోనే కాపురం పెడతాడు.

కొన్ని వారాలకో నెలలకో చిన్న పొక్కు లేస్తుంది, తర్వాత గట్టు కట్టిన గుంటలాంటి పుండవుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్తారు. నెలల తర్వాత చాలా పుండ్లు వాటంతటవే మానతాయి. సరిగ్గా అప్పుడు కట్టిన తాయెత్తుకో, రాసిన పసరుకో పేరొచ్చేస్తుంది!

మచ్చ మాత్రం పోదు. ముఖం మీదైతే ఆడపిల్ల పెళ్లికి అడ్డు. ముట్టుకుంటే అంటదు, అయినా అఫ్గానిస్తాన్‌లో పుండున్న తల్లిని బిడ్డని ఎత్తుకోనివ్వని ఇళ్లున్నాయి. మధ్యప్రాచ్యంలో కొందరు తల్లులు పూర్వం పసిపిల్లల పిరుదులని కావాలనే ఈగలకి వదిలేవారు. ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రావడం అరుదని, మచ్చ బట్టల కింద పడాలని వాళ్ల లెక్క. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో చేసిన టీకా అది.

ఇప్పుడు పుండు అంచు చుట్టూ యాంటిమొనీ అనే మూలకంతో చేసిన మందు సూదులు వేస్తారు, పలుమార్లు. అన్నిసార్లు ఆస్పత్రికి వెళ్లాలంటే కూలి మనిషికి అన్ని రోజుల కూలి పోయినట్టే, కాబట్టి మధ్యలో మానేస్తారు. లీష్మేనియా ట్రోపికా రకంలో పరాన్నజీవికి ప్రధాన స్థావరం ఎలుక కాదు, మనిషే. రాత్రి కప్పుకోని ఆ పుండు అంచు మీదే మరో ఈగ వాలుతుంది.